ఊరి రోడ్డు, కుళాయి, వీధి దీపం: అడిగిన పనిని పంచాయతీ తీర్మానంగా మార్చుకోవడం ఎలా

"గ్రామంలోని రోడ్లు, తాగునీటి సమస్యలపై చర్చించడమైనది." నేను వార్డు సభ్యుడిగా ఉన్న రోజుల్లో మా పంచాయతీ మినిట్స్ పుస్తకంలో వరుసగా మూడు గ్రామసభల కింద ఈ ఒక్క వాక్యమే, అక్షరం మారకుండా కనిపించింది. ఆ మూడు సభల్లోనూ మా వీధివాళ్ళు గొంతు పోయేలా అడిగారు, సర్పంచ్ తల ఊపారు, కార్యదర్శి రాసుకున్నారు, రోడ్డు మాత్రం పడలేదు. ఏ వీధిలో, ఎక్కడి నుంచి ఎక్కడిదాకా, ఎన్ని మీటర్లు, ఏ నిధి నుంచి అన్న వివరం లేని వాక్యాన్ని పట్టుకుని ఏ ఇంజినీరూ అంచనా వేయలేడు, ఏ అధికారీ మంజూరు చేయలేడు. నాలుగో సభకు మేము కొలతలతో వెళ్ళాము. ఆ అనుభవంలో నేర్చుకున్నది, ఆ తరువాత పొరపాట్లు చేసి నేర్చుకున్నది కలిపి, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ గ్రామ పంచాయతీల్లో ఒక సామాన్య ఓటరు ఏ క్రమంలో ఏమి చేయాలో ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా ఆ పని ఎవరిదో తేల్చుకోండి

ఊళ్ళో కనిపించే ప్రతి రోడ్డూ పంచాయతీది కాదు. ఊరి లోపలి వీధులు సాధారణంగా గ్రామ పంచాయతీవి. ఊరిని మరో ఊరితోనో మండల కేంద్రంతోనో కలిపే రోడ్డు పంచాయతీరాజ్ ఇంజినీరింగ్ శాఖది కావచ్చు, రోడ్లు భవనాల శాఖది కావచ్చు. 2000 డిసెంబరులో మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన కింద వేసిన రోడ్డయితే, పూర్తయిన తరువాత ఐదేళ్ళపాటు దాన్ని బాగుచేసే బాధ్యత వేసిన కాంట్రాక్టరుదే అవుతుంది. రోడ్డు మొదట్లో నాటిన బోర్డు మీద పని పేరు, పూర్తయిన తేదీ, కాంట్రాక్టరు పేరు రాసి ఉంటాయి కనుక ముందు ఆ బోర్డును ఫొటో తీసుకోండి. రోడ్లు భవనాల శాఖ రోడ్డు మీద గుంతలు పూడ్చమని పంచాయతీని ఎన్నిసార్లు అడిగినా ప్రయోజనం లేదు. అలాంటి పనికి పంచాయతీ చేయగలిగింది ఆ శాఖను కోరుతూ తీర్మానం చేసి పంపడం, అంతవరకే.

నీళ్ళ విషయంలోనూ ఇదే పరిస్థితి. చాలా ఊళ్ళకు నీరు ఎక్కడో దూరంలో ఉన్న రిజర్వాయరు నుంచి గ్రామీణ నీటి సరఫరా శాఖ పైపుల్లో వస్తుంది. తెలంగాణలో అది మిషన్ భగీరథ వ్యవస్థ. ఊరి ట్యాంకు దాకా నీరు తేవడం ఆ శాఖ పని, ట్యాంకు నుంచి వీధి కుళాయి దాకా పంచడం పంచాయతీ పని అని స్థూలంగా అనుకోవచ్చు. కాబట్టి కుళాయి రాకపోతే ముందు ట్యాంకు దగ్గరకు వెళ్ళి అది నిండుతోందో లేదో చూడండి. ట్యాంకు నిండుతూ మీ వీధికి రాకపోతే మీ అర్జీ పంచాయతీకి, ట్యాంకే నిండకపోతే నీటి సరఫరా శాఖ అసిస్టెంట్ ఇంజినీరుకు (ఏఈకి) వెళ్ళాలి. వీధి దీపాల్లో స్తంభం, తీగ విద్యుత్ పంపిణీ సంస్థవి; బల్బు, దాని బిల్లు పంచాయతీవి.

ఒక విషయం ఇక్కడే చెప్పాలి. భూమి తగాదా ఉన్న చోట ఏ నిధీ పనిచేయదు. వీధి అనుకుంటున్నది గ్రామకంఠమా (ఊరి నివాసాలకు వదిలిన ఉమ్మడి స్థలమా), ఎవరిదైనా పట్టానా అన్నది మండల రెవెన్యూ కార్యాలయంలోనో, ఆంధ్రప్రదేశ్‌లోనైతే గ్రామ రెవెన్యూ అధికారి (వీఆర్వో) దగ్గరో ముందే చూసుకోండి. పట్టా భూమిలోంచి బాట పోతుంటే, ఆ యజమాని నుంచి రాతపూర్వక అంగీకారం తీసుకున్న తరువాతే అడగండి. అంచనా వేసి, మంజూరై, కంకర దిగిన రోజున యజమాని అడ్డం పడుకుని పని ఆగిపోయిన సందర్భాలు పంచాయతీల్లో కొత్తేమీ కాదు.

కొలతలు తీసుకోండి

ఈ గైడులో నేను అన్నిటికన్నా ఎక్కువ బరువు పెట్టేది ఈ అడుగు మీదే, ఎందుకంటే కొలత ఉన్న ఫిర్యాదును పక్కన పెట్టడం అధికారికి కష్టం. రోడ్డుకైతే టేపు తీసుకుని పొడవు, వెడల్పు కొలవండి. మొదలు, చివర గుర్తులుగా గుడినో, బడినో, స్తంభం నంబరునో రాసుకోండి. వాన పడిన మరుసటి రోజు నీరు ఎక్కడ నిలిచిందో ఫొటో తీయండి. అది రోడ్డుతోపాటు మురుగు కాలువ కూడా కావాలనడానికి సాక్ష్యం.

నీటికైతే బిందె, ఫోనులోని గడియారం చాలు. ఇంటింటికీ కుళాయి నీరు ఇచ్చే కేంద్ర పథకం జల్ జీవన్ మిషన్ ప్రమాణం ప్రకారం మనిషికి రోజుకు 55 లీటర్లు అందాలి. ఐదుగురున్న ఇంటికి అది 275 లీటర్లు, అంటే 15 లీటర్ల బిందెలు పద్దెనిమిది పైచిలుకు. ఇప్పుడు నీరు వదిలిన వెంటనే పైపు మొదట్లో ఉన్న ఇంట్లో ఒక బిందె ఎన్ని నిమిషాల్లో నిండుతుందో, పైపు చివర ఉన్న ఇంట్లో ఎన్ని నిమిషాల్లో నిండుతుందో కొలవండి. చివరి ఇంట్లో బిందెకు ఆరు నిమిషాలు పడుతోందనీ, నీరు గంటసేపే వదులుతున్నారనీ అనుకుందాం. ఆ ఇంటికి దొరికేది పది బిందెలు, అంటే 150 లీటర్లు, మనిషికి 30 లీటర్లు. ఇలా మూడు రోజులు కొలిచి, తేదీ, సమయం వేసి, ఆ ఇంటివారి సంతకంతో కాగితం మీద పెట్టండి. "మాకు నీళ్ళు రావడం లేదు" అన్న మాటకు "వస్తున్నాయి కదా" అని బదులు వస్తుంది. "55కు బదులు 30 వస్తున్నాయి" అన్నదానికి అంత తేలిక జవాబు దొరకదు.

ట్యాంకు లెక్క కూడా ఇంతే సులభం. ఊళ్ళో 1,200 మంది ఉంటే రోజుకు కావలసినది 66,000 లీటర్లు. ట్యాంకు సామర్థ్యం 40,000 లీటర్లయితే అది రోజుకు రెండుసార్లు నిండాల్సిందే. ఒక్కసారే నింపుతున్నారంటే కొరత అక్కడే ఉంది, పైపులు మార్చమని అడగడం దండగ. సామర్థ్యం ట్యాంకు మీదే రాసి ఉంటుంది. ఎన్నిసార్లు నింపుతున్నారన్నది నీళ్ళు వదిలే పంపు ఆపరేటరుకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు, కాబట్టి ఆయనతో స్నేహంగా ఉండండి.

చివరి ఇళ్ళకు నీరు అందకపోవడానికి అసలు కారణం చాలా ఊళ్ళలో మొదటి ఇళ్ళవాళ్ళు కుళాయికి మోటార్లు బిగించి లాగడం. ఈ సంగతి అందరికీ తెలుసు, సభలో ఎవరూ మాట్లాడరు, ఎందుకంటే మోటారు ఉన్న ఇల్లు బంధువులదో, పెద్దవాళ్ళదో అయి ఉంటుంది. పేర్లు ఎత్తకుండా, "కుళాయిలకు మోటార్లు బిగించరాదు, వీధులవారీగా వాల్వు తిప్పి వేరువేరు సమయాల్లో నీరు వదలాలి" అని సాధారణ తీర్మానంగా అడగడమే మేలు. ఈ తీర్మానానికి పైసా ఖర్చు లేదు. కొత్త పైపులైను కన్నా ముందు దీన్ని ప్రయత్నించండి.

నాణ్యత సంగతి వేరు. భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) 10500 ప్రమాణం ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దిక్కు లేనప్పుడు 1.5 వరకు అనుమతిస్తారు; నైట్రేట్ 45 మిల్లీగ్రాములు మించకూడదు. నల్గొండ, ప్రకాశం జిల్లాల పాత బోర్ల కథ తెలిసినవారికి ఈ అంకెల విలువ వేరే చెప్పనక్కరలేదు. క్లోరిన్ కలిపిన నీరు చివరి కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్‌తో రావాలి. జల్ జీవన్ మిషన్ కింద గ్రామానికి ఐదుగురు మహిళలకు నీటి పరీక్ష కిట్లతో శిక్షణ ఇవ్వాలన్న నిబంధన ఉంది. మీ ఊళ్ళో ఆ కిట్టు ఎవరి దగ్గర ఉందో అడగండి, చివరి వీధి కుళాయి దగ్గర మీ ముందే పరీక్ష చేయించి ఆ ఫలితాన్ని అర్జీకి జతపరచండి.

ఏ పద్దులో డబ్బుందో చూడండి

"నిధులు లేవు" అన్న జవాబు సగం నిజం. పంచాయతీకి అనేక పద్దుల్లో డబ్బు వస్తుంది, ప్రతి పద్దుకూ ఒక కట్టుబాటు ఉంటుంది. 2021 నుంచి 2026 మార్చి వరకు వర్తించిన 15వ ఆర్థిక సంఘం గ్రాంట్లలో 60 శాతం టైడ్ నిధులు, అంటే నిర్ణీత పనులకే కట్టేసినవి. అందులో సగం తాగునీటికి, మిగతా సగం పారిశుద్ధ్యానికి మాత్రమే వాడాలి. మిగిలిన 40 శాతం అన్‌టైడ్, అంటే జీతభత్యాలకు తప్ప ఊరి అవసరాన్ని బట్టి దేనికైనా వాడవచ్చు. దీని అర్థం ఏమిటంటే, టైడ్ నిధులతో సీసీ రోడ్డు వేయమని మీరు ఎంత గట్టిగా అడిగినా కార్యదర్శి వేయలేరు, వేస్తే ఆడిట్‌లో దొరుకుతారు. అదే మురుగు కాలువకో, పైపు లీకేజీకో, ట్యాంకు శుభ్రతకో అడిగితే కాదనడానికి కారణం ఉండదు. ఆర్థిక సంఘం మారినప్పుడల్లా ఈ వాటాలూ మారతాయి కనుక ఈ ఏడాది ఉత్తర్వును కార్యదర్శిని అడిగి చూడండి.

ఇంటి పన్ను, కుళాయి రుసుము వంటి సొంత ఆదాయం సాధారణ నిధిలోకి వస్తుంది. చిన్న మరమ్మతులు, బల్బులు దాని నుంచే. ఊరి లోపలి సీసీ రోడ్లలో చాలా భాగం ఉపాధి హామీ పథకంలోని 40 శాతం మెటీరియల్ (సామగ్రి ఖర్చు) వాటా నుంచి పడ్డవే. ఆంధ్రప్రదేశ్‌లో 2024 ఆగస్టు 23న 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు పెట్టి ఆమోదం తీసుకున్నదీ ప్రధానంగా ఈ పథకం పనులకే. ఎస్సీ, ఎస్టీ కాలనీల పనులకైతే 2013 ఉప ప్రణాళిక చట్టం కింద విడిగా నిధులుంటాయి. తెలంగాణలో 2017 నుంచి దాన్నే ప్రత్యేక అభివృద్ధి నిధి అంటున్నారు. మీ వీధి ఆ కాలనీలో ఉంటే ఆ మాటను అర్జీలో తప్పకుండా రాయండి.

పంచాయతీ ఖాతాలో ఏముందో తెలుసుకోవడానికి ఎవరినీ బతిమాలనక్కరలేదు. 2020 ఏప్రిల్ 24న ప్రారంభమైన ఈ-గ్రామ్ స్వరాజ్ పోర్టల్‌లో రాష్ట్రం, జిల్లా, మండలం, పంచాయతీ ఎంచుకుంటే ఆమోదించిన ప్రణాళిక, వచ్చిన సొమ్ము, చెల్లింపుల వివరాలు లాగిన్ లేకుండానే కనిపిస్తాయి. ప్రణాళికలో మీ వీధి పని ఇప్పటికే ఉండి, ఎవరికీ తెలియకుండా మూలుగుతూ ఉండవచ్చు. ముందు అది చూసుకోండి. ఎన్నికలు జరగక ప్రత్యేకాధికారి పాలన ఉన్న కాలంలో ఆర్థిక సంఘం గ్రాంట్లు ఆగిపోతాయన్నది కూడా గుర్తుంచుకోవాలి. 2024 ఫిబ్రవరి నుంచి తెలంగాణ పంచాయతీలు దాన్ని చవిచూశాయి.

సభకు ముందే అర్జీ ఇవ్వండి

రాజ్యాంగం దృష్టిలో గ్రామసభ అంటే ఆ గ్రామం ఓటర్ల జాబితాలో పేరున్న అందరూ. మీరు అతిథి కారు, సభ్యులు. సర్పంచ్, వార్డు సభ్యులు కూర్చుని నెలనెలా జరుపుకునే పాలకవర్గ సమావేశం వేరు, గ్రామసభ వేరు. పనులను ఎంపిక చేసి ప్రాధాన్యం నిర్ణయించేది గ్రామసభ, వాటిని నడిపించేది పాలకవర్గం. తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకు ఒక గ్రామసభ జరగాలి. ఆంధ్రప్రదేశ్‌లో 1994 చట్టం ఏడాదికి కనీసం రెండు అంటుంది. వచ్చే ఆర్థిక సంవత్సరపు గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక కోసం ఏటా అక్టోబరు 2 నుంచి ప్రత్యేకంగా సభలు మొదలవుతాయి. ఆ సభను వదులుకుంటే మీ పని మరో ఏడాది వెనక్కి పోయినట్టే. దండోరా వినపడలేదని తరువాత వాదించడం కన్నా, సెప్టెంబరు చివరి వారంలో కార్యదర్శిని కలిసి తేదీ అడిగి రావడం నయం.

సభకు వారం ముందు రెండు ప్రతులతో అర్జీ పట్టుకెళ్ళి, ఒక ప్రతి మీద ముద్ర, తేదీతో అందినట్టు సంతకం తీసుకోండి. అర్జీ ఒక పేజీ దాటకూడదు, ఒక అర్జీలో ఒకే పని ఉండాలి. మేము రాసినది దాదాపు ఇలా ఉంది:

"మా 6వ వార్డులో రామాలయం నుంచి 14వ నంబరు విద్యుత్ స్తంభం వరకు 100 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పున ఉన్న మట్టి వీధిలో 38 కుటుంబాలు నివసిస్తున్నాయి. ఈ వీధి గ్రామకంఠంలో ఉంది, ఆక్రమణలు లేవు. వర్షాకాలంలో మధ్యభాగంలో 20 మీటర్ల మేర నీరు నిలుస్తున్నది. ఈ వీధికి సీసీ రోడ్డును, పడమటి వైపు మురుగు కాలువను మంజూరు చేయుటకు, సదరు పనిని అభివృద్ధి ప్రణాళికలో చేర్చుటకు గ్రామసభ ఎజెండాలో ఉంచవలసినదిగా కోరుచున్నాము."

కింద కుటుంబానికి ఒకటి చొప్పున సంతకాలు, వెనుక ఫొటోలు, చేతితో గీసిన పటం. ఇందులో ఆవేశం లేదు, "ఎన్నో ఏళ్ళుగా" అన్న మాట లేదు. ఇంజినీరుకు కావలసినవన్నీ ఉన్నాయి. కాలువ అడిగేటప్పుడు అది చివరకు ఎక్కడ కలుస్తుందో రాయడం మరచిపోకండి. దిగువకు దారి లేని కాలువ దోమల తొట్టి అవుతుంది. దారి లేకపోతే ఇంకుడు గుంత అడగండి.

సభలో ఏమి చేయాలి

మీ వీధి నుంచి పదిమంది వెళ్ళండి, మాట్లాడేది మాత్రం ఒక్కరే. అర్జీలోని మొదటి రెండు వాక్యాలు చదివి, "దీన్ని తీర్మానంగా ప్రతిపాదిస్తున్నాను, ఎవరైనా బలపరచండి" అనండి. ఎవరు ప్రతిపాదించారు, ఎవరు బలపరిచారు అన్నది మినిట్స్‌లో రాయించాలి. చర్చ పక్కదారి పట్టి ఎన్నికల గొడవలోకో పాత పగల్లోకో పోతుంది, అది మామూలే; ఓపిక పట్టి మళ్ళీ మీ పని దగ్గరకు తీసుకురండి.

అన్నిటికీ డబ్బు చాలదు కాబట్టి సభ చివర ప్రాధాన్య క్రమం వేస్తారు. అక్కడ ముందే ఒక నిర్ణయానికి వచ్చి ఉండాలి. మీ వీధికి తాగునీటి పైపు పడాల్సి ఉంటే రోడ్డును రెండో స్థానానికి దించండి. మా ఊళ్ళో ఒక వీధికి మార్చిలో సీసీ రోడ్డు వేసి, జూన్‌లో పైపులైను కోసం దాన్నే నిలువునా కోశారు. కోసిన గాడి పూడ్చిన తీరు చూస్తే పాత మట్టి బాటే నయమనిపించేది. పైపు, కాలువ, రోడ్డు, ఈ వరుస తప్పకూడదు.

సభ ముగిసిందని అందరూ లేచాక అసలు పని మొదలవుతుంది. మినిట్స్ పుస్తకంలో మీ పని ఎలా రాశారో అక్కడికక్కడే చదవండి. "6వ వార్డులో సీసీ రోడ్డు" అని ఉంటే, మొదలు, చివర, పొడవు చేర్చమని మర్యాదగా అడగండి, లేకపోతే అదే వార్డులో మరొకరి ఇంటి ముందు ఆ రోడ్డు పడినా మీరు ఏమీ అనలేరు. తీర్మానం సంఖ్య, తేదీ రాసుకోండి. కార్యదర్శి ఒప్పుకుంటే పేజీ ఫొటో తీసుకోండి. సంతకం చేసేముందు రాసినదాని కింద ఖాళీ స్థలం ఉంటే గీత కొట్టమనండి. ఇది అనుమానం కాదు, పుస్తకం నిర్వహణలో ఒక పద్ధతి.

షెడ్యూల్డ్ (గిరిజన) ప్రాంతాల్లో ఉన్నవారికి ఇంకొంచెం బలముంది. పంచాయతీ వ్యవస్థను ఆ ప్రాంతాలకు విస్తరించిన 1996 పెసా చట్టం ప్రకారం అక్కడ ప్రణాళికలకు గ్రామసభ ముందస్తు ఆమోదం కావాలి, ఖర్చు చేసిన నిధులకు వినియోగ ధ్రువపత్రం కూడా గ్రామసభే ఇవ్వాలి.

వీధి దీపాల గురించి ఒక్క మాట

పగలంతా వెలుగుతూ రాత్రికి మాడిపోయే దీపాలు చూసి సిబ్బందిని తిడతాం. చాలా చోట్ల కారణం వేరు: దీపాలకు విడిగా తీగ లేక, ఇళ్ళకు వెళ్ళే తీగ నుంచే కరెంటు తీసుకోవడం వల్ల వాటిని ఆపే స్విచ్చే ఉండదు. దీనికి అడగాల్సింది కొత్త బల్బులు కాదు, మూడో తీగ, స్విచ్చు బోర్డు, మీటరు. తెలంగాణలో పల్లె ప్రగతి అనే ప్రభుత్వ గ్రామాభివృద్ధి కార్యక్రమం సమయంలో ఈ మూడో తీగ గురించి చాలా చర్చ జరిగింది. మీ వీధిలో స్తంభాల నంబర్లు రాసి, ఏ స్తంభం నుంచి ఏ స్తంభం దాకా తీగ లేదో పట్టికగా ఇస్తే పంచాయతీ విద్యుత్ సంస్థకు అదే పంపగలదు.

తీర్మానం తరువాత కాగితాన్ని వెంబడించండి

తీర్మానమైన పని ఈ దారిలో నడుస్తుంది: ఏఈ లేదా ఇంజినీరింగ్ అసిస్టెంట్ వచ్చి కొలిచి అంచనా తయారు చేస్తారు, పై ఇంజినీరు సాంకేతిక మంజూరు ఇస్తారు, సంబంధిత అధికారి పరిపాలనా మంజూరు ఇస్తారు, తరువాత పని అప్పగించి అగ్రిమెంటు రాస్తారు. ప్రతి మెట్టు దగ్గరా ఫైలు నిద్రపోగలదు. "మా పని ఏమైంది" అని అడగకండి. "ఫలానా తీర్మానం పని అంచనా ఏఈ గారి దగ్గర ఉందా, సాంకేతిక మంజూరుకు వెళ్ళిందా" అని అడగండి. జవాబు ఒక్క మాటలో వస్తుంది, ఆ తరువాత ఎవరి దగ్గరకు వెళ్ళాలో మీకే తెలుస్తుంది. రెండు నెలలైనా కదలకపోతే సోమవారాల్లో కలెక్టరేట్‌లో జరిగే అర్జీల స్వీకరణలో, తెలంగాణలో ప్రజావాణి, ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక, తీర్మానం నకలు జతచేసి ఇవ్వండి.

కాగితాలు ఇవ్వకపోతే 2005 సమాచార హక్కు చట్టం ఉంది. రెండు రాష్ట్రాల్లోనూ గ్రామస్థాయి కార్యాలయంలో దరఖాస్తుకు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. నకలు పేజీకి 2 రూపాయలు. 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి, ఇవ్వకపోతే తరువాతి 30 రోజుల్లో మొదటి అప్పీలు వేసుకోవచ్చు. "ఎందుకు చేయలేదు" వంటి ప్రశ్నలు అడిగితే తిరస్కరిస్తారు. అంచనా నకలు, అగ్రిమెంటు నకలు, ఎం-బుక్ (పని కొలతల పుస్తకం) పేజీల నకలు, చెల్లింపు వోచరు నకలు అని పత్రాల పేర్లతో అడగండి.

పని జరిగే రోజున అక్కడ ఉండండి

అంచనా నకలు చేతిలో ఉంటే, సైటు దగ్గర మీరు చూడాల్సినవి కొన్నే. 100 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల మందం అని అంచనాలో ఉంటే మొత్తం కాంక్రీటు 45 ఘనమీటర్లు. మందం 12 సెంటీమీటర్లకు తగ్గిస్తే 36 ఘనమీటర్లతో పని అయిపోతుంది. ఘనమీటరుకు సుమారు ఎనిమిది బస్తాల చొప్పున చూస్తే, కంటికి కనిపించని ఆ మూడు సెంటీమీటర్లలో డెబ్బై బస్తాల సిమెంటు ఉంది. అందుకని కాంక్రీటు పోయకముందే అంచుల్లో బిగించిన పలకల ఎత్తు స్కేలుతో కొలవండి, మధ్యలో దారం లాగి కింది మట్టం దాకా ఉన్న లోతు చూడండి. అంచుల్లో పదిహేను ఉంచి మధ్యలో మట్టి ఎత్తు పెంచడం పాత ఎత్తుగడ.

పోసిన మరుసటి రోజు నుంచి కనీసం పద్నాలుగు రోజులు రోడ్డు తడిగా ఉండాలి. మట్టితో మడులు కట్టి నీరు నిలపడమో, తడి గోనెలు కప్పడమో చేయాలి. ఎండాకాలంలో కాంట్రాక్టరు ట్యాంకరు రెండు రోజులు వచ్చి మానేస్తుంది. వీధివాళ్ళు వంతులు వేసుకుని నీళ్ళు చల్లుకున్న రోడ్డు ఎక్కువకాలం నిలవడం నేను చూశాను, అయినా ఆ పని అగ్రిమెంటు ప్రకారం ఆయనదేనని మొదటి రోజే చెప్పండి. తేడా కనిపిస్తే కూలీలతో గొడవ పడవద్దు, వారికి ఆ నిర్ణయాధికారం లేదు. కొలత కనిపించేలా ఫొటో తీసి, అదే రోజు ఏఈకి పంపి, లిఖితంగా కూడా ఇవ్వండి. సమాచార హక్కు చట్టం సెక్షన్ 2(జె) పనులను తనిఖీ చేసే హక్కుతోపాటు ధ్రువీకరించిన సామగ్రి నమూనాలు తీసుకునే హక్కు కూడా ఇస్తుంది.

ఫిర్యాదు బిల్లు చెల్లించకముందే చేరాలి. ఎం-బుక్‌లో కొలతలు ఎక్కి, చెక్ మెజర్‌మెంట్ (పై ఇంజినీరు కొలతలు సరిచూడడం) అయి, సొమ్ము వెళ్ళిపోయిన తరువాత అదే ఫిర్యాదు విచారణగా మారి ఏళ్ళు పడుతుంది. ఈ-గ్రామ్ స్వరాజ్‌లో మీ పని పేరు మీద చెల్లింపు పడిందో లేదో వారానికోసారి చూస్తూ ఉండండి. కొన్ని పథకాల చెల్లింపులు అందులో కనిపించవు కనుక వాటికి కార్యదర్శినే అడగాలి.

పని పూర్తయిన తేదీని, అగ్రిమెంటులో రాసిన లోపాల బాధ్యత కాలాన్ని, అంటే లోపాలను కాంట్రాక్టరే సరిచేయాల్సిన గడువును, క్యాలెండరులో గుర్తు పెట్టుకోండి. ఆ గడువు ముగిసేవరకు కాంట్రాక్టరు డిపాజిట్‌లో కొంత ఆపి ఉంచుతారు. గడువుకు ముందు వచ్చే చివరి వానాకాలంలో, ఒక పెద్ద వాన పడిన మరునాడు వీధి ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి, పగుళ్ళు, పెచ్చులు లేచిన చోట్లు, నీరు నిలిచిన గుంతలు సుద్దతో గుర్తుపెట్టి ఫొటోలు తీసి, తీర్మానం సంఖ్య వేసి ఏఈకి ఉత్తరం రాయండి. ఆ ఉత్తరం ప్రతి మీద కూడా అందినట్టు ముద్ర వేయించుకోండి.